డెబ్బై రెండు మీటర్ల వింకో

పొద్దున ఆరింటికి పొయ్యి రాజేసి, చెర్రీ గింజలు నింపిన గుడ్డ సంచిని దాని మీద వెచ్చబెట్టడం ముప్పయ్యారేళ్ళుగా నా మొదటి పని. అది మోకాలికి కడితే గాని మా ఆయన లోవ్రో మెట్లు దిగేవారు కాదు. నవంబరులో ఆయన పోయారు. ఇప్పుడు ఏడు దాటినా పొయ్యి ముట్టించను. సంచి మీద పిల్లి పడుకుంటోంది.

నేను చెప్పబోయేది ఆయన తమ్ముడు వింకో సంగతి.

వింకో యెసెనిత్సె ఊళ్ళో ఉక్కు కార్ఖానాలో నాలుగేళ్ళు చేశాడు. దుమ్ము పడదన్నాడు. స్కీ లిఫ్టు దగ్గర టికెట్లు చింపాడు. చలి పడదన్నాడు. ఆఖరికి మా ఊరి స్కీ దూకుడు క్లబ్బులో సామాన్ల తనిఖీ పని దొరికింది. అది మాత్రం బాగా పడింది, ఎందుకంటే అక్కడ వణికేది ఎదుటివాళ్ళు.

కాళ్ళకి స్కీ పలకలు కట్టుకుని గుట్ట మీద నుంచి దూకేవాళ్ళకి ఒంటి మీది సూటే రెక్క. వదులుగా ఉంటే గాలి పట్టుకుంటుంది, నాలుగు మీటర్లు ఎక్కువ మోస్తుంది. అందుకే కొలతలు. క్లబ్బు సూటులు కుట్టేది నేనే కాబట్టి నాకు తెలుసు, ఆ మందపాటి నురగ గుడ్డ ఒక్క తడికే ఎలా సాగుతుందో. వింకో మాత్రం స్టీలు స్కేలు పట్టుకుని, క్లబ్బు జాకెట్టు మెడ దాకా బిగించి, ఒక్కొక్కరినీ ముందుకీ వెనక్కీ తిప్పుతాడు. కిందటి చలికాలం పదమూడేళ్ళ పిల్లని పోటీ రోజే పక్కకి తోసేశాడు.

"ఇది సూటా, గోనెసంచా? ఒక వేలు వదులుంది. గాలిని దొంగిలిద్దామనుకున్నావా? పో, ఇంటికి పో."

"నిన్న నువ్వే సరిపోయిందన్నావు కదా మామా!"

"నిన్న నీ పొట్ట నిండా రొట్టె ఉంది."

ఆ పిల్ల ఏడుస్తూ మా ఇంటికి వచ్చింది. లోవ్రో చేతికర్ర తీసుకుని పెరట్లోకి వెళ్ళారు.

వింకోకి ఇంత బలం ఎక్కడిదంటే, ఆ గుట్ట మీద అందరికంటే దూరం దూకిన రికార్డు అతనిది. డెబ్బై రెండు మీటర్లు. ఏ పెళ్ళికి వెళ్ళినా రెండో గ్లాసు పళ్ళ సారా దగ్గర డెబ్బై రెండు బయటికి వస్తుంది. మూడో గ్లాసుకి కుర్చీ ఎక్కి, చేతులు వెనక్కి పెట్టి, ముందుకి వంగి చూపిస్తాడు. అంతకుముందు రికార్డు లోవ్రోది, డెబ్బై ఒకటి. ఆ మాట ఎవరూ ఎత్తరు.

మా పెళ్ళికి ముందు ఏడాది, అక్టోబరులో దూకాడు ఆ డెబ్బై రెండు. మంచు ఇంకా పడలేదు. వాలు నిండా పచ్చటి ప్లాస్టిక్ కుచ్చుల చాపలు పరిచి, నీళ్ళు చల్లి దూకే రోజులు. వసంతంలోనే మోకాలు విరిగిన లోవ్రో దూకడం మాని, దూరం కొలిచేవాళ్ళలో చేరారు. వాళ్ళు వాలు పక్కన మెట్ల మీద వరసగా నిలబడతారు. దూకినవాడి పాదాలు ఎవరి ముందు ఆనితే వాళ్ళు చెయ్యెత్తాలి. లోవ్రో వాటా డెబ్బై రెండో మీటరు.

ఆ రోజు పొగమంచు. పైన గూట్లో కూర్చున్న న్యాయనిర్ణేతకి వాలు కనపడలేదు. వింకో దూకి సరిగ్గా అన్న ముందే పడ్డాడు, కానీ నిలబడలేదు. పిరుదుల మీద కూర్చుని నాలుగు మీటర్లు జారి, లేచి, పొగమంచులోంచి చేతులెత్తుకుంటూ బయటికి వెళ్ళాడు. అలా కూర్చుంటే రికార్డు చెల్లదు. పైనుంచి ఫోన్లో అడిగారు: "నిలబడ్డాడా?"

లోవ్రో చెయ్యెత్తే ఉన్నారు. "నిలబడ్డాడు" అన్నారు.

పెళ్ళైన పన్నెండేళ్ళకి నాకొక్కదానికే చెప్పారు. "లేస్తూ నా వంక చూశాడు, మింకా. చిన్నప్పుడు అమ్మ కొట్టబోతే అలాగే చూసేవాడు."

అంతే. ఇక ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తేదాన్ని కాను. కానీ అంత్యక్రియలప్పుడు వింకో నల్లకోటు వేసుకు రాలేదు, క్లబ్బు జాకెట్టులో వచ్చాడు. శవపెట్టె పక్కన నిలబడి అందరికీ వినపడేలా అన్నాడు: "నా రికార్డుకి చెయ్యెత్తింది మా అన్నే!"

కిందటి మంగళవారం, ఆ రోజు వేసుకున్న పాత ఎర్ర సూటు తెచ్చాడు. గుట్ట కింద కొత్త బోర్డు పెడుతున్నారు, దాని మీద రికార్డు రాస్తారు. క్లబ్బు గదిలో అద్దాల పెట్టె, అందులో సూటు.

"వదినా, వెనకాల ఎలకలు కొట్టేశాయి. కనపడకుండా కుట్టెయ్. నీ చెయ్యి పడితే కొత్తదే."

కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి చూశాను. పంటిగాటు ఒక్కటీ లేదు. పిరుదుల దగ్గర అరచెయ్యంత చిరుగు. అంచులు రాపిడికి కరిగి గట్టిపడ్డాయి. వాటిలో పచ్చటి ప్లాస్టిక్ పోగులు అతుక్కుపోయి ఉన్నాయి. లెక్కపెట్టాను, ఏడు.

శనివారం మధ్యాహ్నం వచ్చాడు. వెంట బ్రిగీతా. క్లబ్బు కార్యదర్శి, బడి బస్సు నడుపుతుంది, తనూ ఒకప్పుడు దూకిన మనిషే. అక్రోట్లు పెట్టి చుట్టిన పొతిత్స రొట్టె కోసి పెట్టాను. సూటు బల్ల మీద బోర్లా పరిచాను.

"అయిందా వదినా?"

"జిప్పు బాగుచేశాను. కాలరు ఉతికాను."

"వెనకాల?"

"నువ్వు ఒక్క మాట అంటే కుడతాను."

"ఏం మాట?"

"కూర్చున్నాను, అని."

నవ్వాడు. "కుర్చీ ఎక్కడుంది, కూర్చుంటాను."

బ్రిగీతా అప్పటికే చిరుగు మీదకి వంగింది. వేలితో ఒక పోగు గీరింది.

"వింకో, ఎలకలు మన చాపలెప్పుడు మేశాయి?"

వింకో మెడ ఎర్రబడింది. ఆమె వైపు చూడకుండా నా వైపు తిరిగాడు.

"చెయ్యెత్తింది లోవ్రో. నిలబడ్డాడన్నదీ లోవ్రోయే. చచ్చినవాణ్ణి అబద్ధాలకోరుని చేస్తావా వదినా?"

"ఒక్కసారి అబద్ధమాడారు, నీ కోసం. తనకున్నది నీకిచ్చేశారు. ముప్పయ్యేడేళ్ళు తిన్నావు. చాలక శవపెట్టె పక్కన ఆయన ఎత్తిన చెయ్యి కూడా సాక్ష్యానికి అడిగావు."

"ఒక్క మీటరు! ఒక్క మీటరుకి ఇంత గొడవా?"

"ఒక వేలు వదులుకి పిల్లని ఇంటికి పంపినవాడివి."

బ్రిగీతా నెమ్మదిగా అడిగింది. "సోమవారం బోర్డు రాసే మనిషి వస్తాడు. ఏం రాయమంటావు వింకో? అక్క అడిగింది ఒక్క మాటేగా."

నోరు తెరిచాడు. ఆ మాట వస్తుందేమోనని చూశాను. చూసినందుకు నాకే సిగ్గేసింది.

"క్రాన్‌ పట్నంలో కుట్టించుకుంటాను" అన్నాడు.

"కుట్టించినా నేను చూసేశానుగా" అంది బ్రిగీతా.

టోపీ పెట్టుకున్నాడు. సూటు ముట్టుకోలేదు. పొతిత్స ముక్క మాత్రం రుమాల్లో చుట్టి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. డెబ్బై రెండు మీటర్లు ఎగిరిన మనిషి.

బోర్డు మీద లోవ్రో పేరు పడింది, డెబ్బై ఒకటి. నిన్న వెళ్ళి చూసొచ్చాను. రంగు ఇంకా ఆరలేదు.

ఆ ఎరుపుకి సరిపోయే దారం రెండు కొట్లు తిరిగి తెచ్చాను, వింకో ఆ మాట అంటాడేమోనని. కండె కాగితం విప్పలేదు. సూటు కిటికీ పక్క కుర్చీ మీద బోర్లా ఉంది, చిరుగు పైకి. దారినపోయేవాళ్ళు కిటికీలోంచి చూస్తున్నారు, చూడనీ. అతను వచ్చి ఆ మాట అంటే కుడతాను. అరగంట పని.