సారు చెప్పిన అయిదు పాళీ మాటలు

నా చిన్నప్పుడు పై పోర్షన్‌లో అద్దెకుండే సారు నాకు అయిదు పాళీ భాష మాటలు నేర్పిన సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెబితే, అవెందుకు నేర్పాల్సి వచ్చిందో కూడా చెప్పాలి.

అప్పట్లో మేము శాలిబండలో ఉండేవాళ్లం. మా అమ్మకు కడుపులో గడ్డ. ఇక చేసేదేమీ లేదని దవాఖానా నుంచి ఇంటికి పంపేశారు. జుట్టు ఊడి, బుగ్గలు పీక్కుపోయి, పళ్లు బయటికి పొడుచుకొచ్చి, మంచం మీదున్నది మా అమ్మేనంటే నమ్మబుద్ధయ్యేది కాదు. ఆమె పిలిచినప్పుడల్లా నేను మెట్లెక్కి సారు గదిలో దూరేదాన్ని.

"గా పుస్తకాల సారు నీకు అమ్మనా? కన్నతల్లి పిలుస్తుంటే మీదికి ఉరుకుతవేంది?" అని మేనత్త కింది నుంచి అరిచేది.

సారు కాలేజీలో చరిత్ర చెప్పేవారు. బౌద్ధ భిక్షువుల తొలి పాఠాల మీద ఏళ్ల తరబడి ఏదో రాస్తుండేవారు. ఒకరోజు నేనలా దూరగానే కలం పక్కన పెట్టి, "అమ్మను చూస్తే భయమైతుందా?" అని అడిగారు. తలూపాను.

"కొత్తగా గుండు చేయించుకున్న భిక్షువుకు మొదలు గిదే చెప్తరు. కేసా, లోమా, నఖా, దంతా, తచో. తలవెంట్రుకలు, ఒంటిమీది నూగు, గోర్లు, పండ్లు, తోలు. మళ్ల వెనక నుంచి చెప్పాలె. ఒంటి మీద మోజు పోవాలని. నీది మోజు గాదు, భయం. దీనితోని పోతదో లేదో నాకెర్కలే. పుస్తకాల గిట్ల లేదు. మొత్తం అమ్మను ఒక్కసారే చూడకు. ఒక్కొక్కటే చూడు. పా, గడప దాక నేనొస్త."

ఆయన గడప బయటే నిలబడ్డారు. కేసా అనుకుంటూ, మిగిలిన వెంట్రుకలు నెమ్మదిగా దువ్వాను. కొన్ని దువ్వెనతోనే వచ్చేశాయి. చేతి మీది నూగు నాకున్నట్టే ఉంది. గోళ్లు పెరిగి ఉంటే తీశాను. దంతా దగ్గర ఆగిపోయాను. అన్నిటికంటే నాకు భయం వాటిదే. కళ్లు మూసుకుని తడిగుడ్డతో పెదవులు తుడిచాను. తచో అని నుదుటి మీద రెండు చేతులూ పెడితే కాలిపోతోంది. వెనక నుంచి చెప్పడం మరిచేపోయాను.

మర్నాడు పొద్దున్నే అమ్మ పోయింది.

ఆ పాఠం దేహం మీద రోత పుట్టించడానికేనని తర్వాత చాలా పుస్తకాల్లో చదివాను. కాదనను. కానీ మా ఇంట్లో ఎవరు మంచాన పడినా ఇప్పటికీ నేను ఒక్కొక్కటే చూసుకుంటూ దగ్గరికి వెళతాను. దూరంగా ఉండిపోలేను. ఆ రోజు నేను నుదుటి మీంచి చేతులు వెనక్కి తీసుకోబోతుంటే అమ్మ కళ్లు తెరవకుండానే అంది:

"సల్లగున్నయ్ బిడ్డా. తియ్యకు."