పిలిస్తే పలకని వదిన

నాకు మొదటి నుంచీ చెడిపోయిన లోకాల కథలంటే ఇష్టం. ప్రేమకథ చదివితే రెండో పేజీకే విసుగొస్తుంది, దయ్యాల కథ చదివితే నవ్వొస్తుంది. అదే, ఎప్పుడో రాబోయే కాలంలో ఒక ఊళ్ళో పీల్చే గాలికి కూడా కూపన్లు ఇస్తారనో, ఒక గుమస్తా నీడ అతనికన్నా ముందే లేచి ఆఫీసుకి వెళ్ళిపోయిందనో రాశారనుకోండి, ఇక నాకు అన్నం కూడా అక్కర్లేదు. వాటిల్లో నన్ను పట్టేసేది వింత కాదు. ఆ వింతని అక్కడి మనుషులు పట్టించుకోకపోవడం. గాలి కూపన్ల కోసం వరసలో నిలబడి వంకాయల ధర గురించి మాట్లాడుకుంటారు చూడండి, అక్కడ నాకు గుండె జారేది. ఆ జారడం కోసమే చదివేదాన్ని. అదేం సరదా అని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేదాన్నేమో గానీ, మా ఇంట్లో అడిగే తీరిక ఎవరికుంది?

తొంభైల్లో చోడవరంలో అలాంటి పుస్తకాలు దొరకడం గగనం. నేను డిగ్రీకి రోజూ అనకాపల్లి బస్సులో వెళ్ళేదాన్ని. అక్కడ పాత పుస్తకాల కొట్టు సాయిబుగారికి నా పిచ్చి తెలుసు. నన్ను చూడగానే "నీ ఏడుపుగొట్టు లోకం ఇంకోటొచ్చిందమ్మా" అని బల్ల కిందనుంచి తీసిచ్చేవారు. అలా ఇచ్చినవాటిల్లో ఒకదానికి అట్ట లేదు, చివరి పేజీలూ లేవు. ఎవరు రాశారో, ఏ దేశం కథో ఇప్పటికీ తెలీదు.

ఆ కథలో ఒక నగరం. అందులో మనుషులంతా తమ పేర్లని సర్కారుకి అప్పగించెయ్యాలి. వాడితే అరిగిపోతాయి, మేం భద్రంగా దాస్తామంటుంది సర్కారు. పేర్లని జాడీల్లో పెట్టి, మూతలు బిగించి, ఒక పెద్ద గోదాములో పేరుస్తారు. అప్పట్నుంచి ఎవరినైనా వాళ్ళు పనిచేసే చోటుతోనే పిలుస్తారు. ఒకడు 'వంతెన', ఒకతె 'ఆస్పత్రి మెట్లు'. కుళాయిలు బాగుచేసే ఒకావిడ పనిమీద ఆ గోదాములోకి వెళ్తుంది. లోపల జాడీల మూతలు అన్నం ఉడుకుతున్న గిన్నె మూతల్లా టకటకా కొట్టుకుంటూ ఉంటాయి. ఆవిడ ఒక జాడీ ముందు ఆగి, చెయ్యి చాపుతుంది. అక్కడితో పేజీలు అయిపోయాయి.

ఆ పుస్తకాన్ని నేను మా వదినకి చదివి వినిపించాను. మా అన్నయ్య భార్య. పదో తరగతి దాకా చదివింది, వినడమంటే ప్రాణం. మధ్యాహ్నం పూట నడవలో కూర్చుని తను చింతపండు గింజలు తీస్తుంటే నేను పక్కన చేరి చదివేదాన్ని. బయట గోవాడ పంచదార ఫ్యాక్టరీకి చెరకు బళ్ళు పోతుండేవి. గాలి అటునుంచి వీస్తే చెరకు మడ్డి వాసన నడవంతా నిండేది.

నేను ఈ కథ ఎంత భయపెడదామని చదివానో, వదిన అంత నవ్వింది.

"ఇందులో బయపడ్డానికేటుంది పాపా? ఇది మనిల్లే గదా" అంది.

నాకు అప్పుడు వెలిగింది. మా వదినది దేవరాపల్లి. మా ఇంట్లో ఆమెని అందరూ 'దేవరాపల్లీ' అనే పిలిచేవారు. ఎందుకంటే ఆమె పేరూ మా అమ్మ పేరూ ఒకటే. అత్తాకోడళ్ళ పేర్లు కలిస్తే మా వైపు కోడలి పేరు మార్చేస్తారు. కోడల్ని తిడితే అత్తగారిని తిట్టినట్టవుతుందని, కొడుకు పెళ్ళాన్ని కేకేస్తే కన్నతల్లిని కేకేసినట్టవుతుందని. అందుకని పెళ్ళిలో పళ్ళెంలో బియ్యం పోసి, మా అన్నయ్య చేత ఉంగరంతో కొత్త పేరు రాయించారు. ఆ బియ్యం మర్నాడు పరమాన్నంలోకి పోయింది. పేరు కూడా దాంతోపాటే పోయింది. రాసినవాణ్ణి అడిగితే "అమ్మవారి పేరే ఏదో" అన్నాడు! దాంతో ఆమె పుట్టిన ఊరే ఆమెకి పేరైపోయింది. పాత పేరు పలకకూడదు, కొత్త పేరు ఎవరికీ తెలీదు.

"ఆకరికేటయింది? ఆవిడ జాడీ మూత తీసిందా?" అని అడిగింది వదిన.

"తెలీదు. పేజీలు లేవు."

వదిన గింజలు తీయడం ఆపి కాసేపు ఆ చిరిగిన చోటే చూసింది. "తీసే ఉంటాది" అంది.

మర్నాడు పొద్దున్న అమ్మ పెరట్లోంచి "దేవరాపల్లీ" అని పిలిచింది. వదిన పలకలేదు. మళ్ళీ పిలిచింది. వదిన నూతి దగ్గర నీళ్ళు తోడుతూనే ఉంది గానీ తల తిప్పలేదు. ఆరోజంతా అంతే. పని ఒక్కటీ మానలేదు, అన్నం అందరికీ వడ్డించింది, నాతో మామూలుగానే మాట్లాడింది. ఆ పిలుపుకి మాత్రం పలకలేదు. వదిన చెవిలో చీమ దూరిందేమోనని పక్కింటామె వెల్లుల్లి నూనె కాచి తెచ్చింది. వదిన దండం పెట్టి, చెవులు బాగానే ఉన్నాయంది.

చివరికి అమ్మ ఎదురుగా నిలబడి నిలదీసింది. "పిలిస్తే పలకవేటే?"

"నా పేరెట్టి పిలవండత్తా. పలుకుతాను."

"నీ పేరెట్టా? నా పేరెట్టి నేనే నిన్ను కేకేసుకోవాలా? నీ మొగుడు తల్లి పేరెట్టి పెళ్ళాన్ని పిలుస్తాడేటి? మతుండే మాటాడతన్నావా?" అని, అమ్మ నావైపు తిరిగింది. "ఈ గుంట సదివిన పుస్తకాలే దీన్ని పాడుసేసేయి."

అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడది కె.కోటపాడు. మా నాన్నమ్మ బతికున్నన్నాళ్ళూ 'కోటపాడూ' అనే పిలిచింది. పోయేదాకా నాన్న కూడా అంతే. వీధిలో ఇప్పటికీ 'కోటపాడమ్మ'. అమ్మకి అదొక లోటని నాకెప్పుడూ తోచలేదు, తనకీ తోచినట్టు లేదు. పలకడమంటే ఆవిడ దృష్టిలో మర్యాద. ఏ పిలుపుకైనా సరే. అందుకే వదిన మౌనం ఆవిడకి తిట్టు కన్నా ఘాటుగా తగిలింది.

వారం తిరక్కుండా అమ్మ దేవరాపల్లికి కబురు పంపించింది. వదిన వాళ్ళ నాన్న వచ్చి, కండువా ఒళ్ళో పెట్టుకుని బల్ల చివర కూర్చున్నారు. ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది. అమ్మ చెప్పినదంతా విని, "కొన్నాళ్ళు తీసుకెల్తానమ్మా. నెమ్మదిస్తాది" అన్నారు.

ఆ 'కొన్నాళ్ళు' ఎలాంటిదో మా వీధిలో అందరికీ తెలుసు. కొన్నాళ్ళకని పుట్టింటికి పంపించిన కోడల్ని తీసుకురావడానికి ఎవరూ వెళ్ళరు. తనంతట తను తిరిగి రాదు. అలా ఒక సంసారం చప్పుడు చెయ్యకుండా ముగిసిపోతుంది. ఒక్క పేరు కోసం వదిన పోతుంది, అన్నయ్య మిగిలిపోతాడు, ఇల్లు మాత్రం కూరలో ఉప్పు సరిపోయిందో లేదో మాట్లాడుకుంటుంది. నేనిన్నాళ్ళూ దుప్పటి కప్పుకుని, హాయిగా భయపడుతూ చదివిన కథ ఇదే.

అన్నయ్యని వసారాలోకి లాక్కెళ్ళాను. "ఒక్కసారి పేరెట్టి పిలు అన్నయ్యా. ఉండిపోద్ది" అన్నాను.

"ఎలగ పిలవనే? అమ్మ పేరది. నోరెలగొస్తాది?"

"వదినెల్లిపోతంది. తిరిగొస్తాదా?"

అన్నయ్య గోడకి ఆనుకుని, చెరకు ఆకు కోసిన గీతలున్న చేతుల్ని చూసుకుంటూ ఉండిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. పిరికివాడా అని కూడా అన్నాను.

మధ్యాహ్నం ఆటో వచ్చింది. అమ్మ కావాలనే పెరట్లో గిన్నెలు ముందేసుకుని కూర్చుంది. వదిన నా బుగ్గ నిమిరి, సంచీ తీసుకుని గుమ్మం దిగింది. ఒక కాలు ఆటోలో పెట్టింది. వాళ్ళ నాన్న అప్పటికే లోపల కూర్చున్నారు.

అప్పుడు అన్నయ్య అరుగు మీదనుంచి పిలిచాడు. పేరు పెట్టి. మొదటిసారి ఆ పిలుపు అరుగు దాటలేదు. రెండోసారి వీధి చివరిదాకా వినిపించేలా పిలిచాడు.

వదిన ఆగిపోయింది. కానీ జవాబు అటునుంచి రాలేదు. పెరట్లోంచి వచ్చింది.

"ఓయ్! వస్తన్నానమ్మా!"

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. సన్నగా, ఆటలోంచి లేచి వస్తున్న ఆడపిల్ల గొంతు. ఆ వెనకే మా అమ్మ ఇల్లంతా దాటుకుని పరుగున వచ్చింది. చేతుల నిండా బూడిద, ఒక చేతిలో కొబ్బరి పీచు. గుమ్మంలో నిలబడి మమ్మల్నందరినీ వెతుకుతున్నట్టు చూసింది.

"నన్నెవలు పిలిసేరు? మాయమ్మ పిలిసినట్టుందే" అంది.

మా అమ్మమ్మ నేను పుట్టకముందే పోయింది. ఆటో ఒక్కటే గుడగుడమంటోంది. అమ్మ అన్నయ్య ముఖం చూసింది. తరవాత ఆటో దగ్గర వదినని చూసింది. అర్థమైంది. చేతిలో పీచుని కాసేపు అటూ ఇటూ తిప్పింది.

"నిన్నేనే" అంది వదినతో. "మొగుడు పిలుస్తంటే పలకవేటి? పలుకు."

వదిన పలికింది. ఆటో ఖాళీగా వెళ్ళిపోయింది. వాళ్ళ నాన్న ఆ పూట మా ఇంట్లోనే భోంచేసి సాయంత్రం బస్సుకి వెళ్ళారు.

ఆరోజు నుంచి మా ఇంట్లో ఆ పేరు వినిపించేది. అన్నయ్యకి సిగ్గు పోయింది, పొలం నుంచి వస్తూ వీధిలోంచే కేకేసేవాడు. అలా కేకేసిన ప్రతిసారీ అమ్మ ఉలిక్కిపడి, "ఓ" అని సగం పలికి, నాలిక కరుచుకునేది. మేమంతా నవ్వేవాళ్ళం. అమ్మ కూడా నవ్వేది. నాకు మాత్రం ఆ నవ్వు పూర్తిగా వచ్చేది కాదు. ఆ కథలో కుళాయిల ఆవిడ మూత తీసి తన పేరు తను తెచ్చుకుందనే నేను అనుకుంటూ వచ్చాను. ఒకే జాడీలో ఇద్దరి పేరు ఉంటే ఏమవుతుందో ఆ రాసినవారు రాశారో లేదో.

తరవాతి వానాకాలంలో ఒకరోజు అమ్మా నేనూ నడవలో కూర్చుని పెసలు ఏరుతున్నాం. వీధిలోంచి అన్నయ్య కేక వినిపించింది. అదే పేరు. అమ్మ తల ఎత్తలేదు. చెయ్యి కూడా ఆగలేదు.

ఆటపట్టిద్దామని, "అమ్మా, నిన్నే పిలుస్తన్నారు" అన్నాను.

అమ్మ చేటలోంచి ఒక రాయి ఏరి పక్కన పడేసింది.

"నన్ను కాదులేవే" అంది.