పది సెకన్ల తీర్పు

శుక్రవారం వస్తోందంటేనే నీరసంగా ఉంటోంది. ఆ వారం విడుదలైన ఇండీ పాప్, గరాజ్ పంక్ లాంటి చిన్న బ్యాండ్ల పాటలన్నీ విని, బాగున్నవి ఇక్కడ ఈ బ్లాగులో మీకు చెప్పడం నాకు నేనే తగిలించుకున్న పని. ఒకప్పుడు సరదాగా ఉండేది. ఇప్పుడు హోంవర్కులా ఉంది.

ఈ రోజు కారులో ఏదో టకటక శబ్దం వస్తోందని ఆటోనగర్ తీసుకెళ్లాను. మెకానిక్ రత్నం గారు ఇంజను ఆన్‌లో ఉంచి చెవి ఒగ్గి నిలబడ్డారు. నేను పక్కనే పాత టైరు మీద కూర్చుని, ఫోన్లో ఒక్కో కొత్త పాటా పెట్టడం, మార్చెయ్యడం.

"ఏంటి సార్, దేన్నీ పది సెకన్లు కూడా ఉండనివ్వట్లేదు?"

"అన్నీ ఒకేలా ఉన్నాయండీ. మొదట్లోనే తెలిసిపోతోంది."

"మీ బండి స్టార్ట్ చేసి పావుగంటైంది, ఇంకా సౌండ్ రాలేదు. వేడెక్కితేగానీ రాదది. నేనూ పది సెకన్లకే ఆపేసి, బానే ఉంది తీసుకెళ్లండంటే ఊరుకుంటారా?"

తర్వాతి పాట చివరిదాకా విన్నాను. రెండు నిమిషాలు దాటాక డ్రమ్ములు వాయించేవాడు తాళం తప్పాడు. పాడుతున్న అమ్మాయికి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే పాట పూర్తిచేసింది. రికార్డింగులో దాన్ని తీసెయ్యలేదు. ఎన్నాళ్లకో ఒళ్లు జలదరించింది.

పోయిన శుక్రవారం "ఈ వారం చెప్పుకోదగ్గదేమీ లేదు" అని ఇక్కడ రాసింది నేనే. దానికి పదిహేడు మంది లైకు కూడా కొట్టారు. పది సెకన్లకే మార్చేసిన ఆ వారం పాటలకి క్షమాపణ నేనొక్కణ్ణే చెప్పాలా, మీరూ వస్తారా?