చిన్నమావయ్య విసురు

కువైట్‌లో ఉన్న మా ఆయన పంపే వీడియోల్లో సగం వంటలు, సగం ప్రార్థనలు. మొన్న ఆదివారం మాత్రం బేస్‌బాల్ అని ఒక బంతాట పంపారు. అక్కడి సూపర్‌వైజరు జపాన్ ఆయనట. వాళ్ల దేశంలో బంతి విసరడంలో పేరు మోసిన కుర్రాడొకడు అమెరికా జట్టులో చేరాడట, అక్కడ నెగ్గుతాడో లేదోనని ఈ పెద్దాయన అన్నం కూడా మానేసి కూర్చున్నాడట. జపాన్ బంతి కంటే అమెరికా బంతి కాస్త పెద్దదట, నున్నగా జారుతుందట. చేపలు కడుగుతూ ఫోను గూట్లో ఆనించి చూశాను. ఆ కుర్రాడు కాలు పైకెత్తి, మోచెయ్యి వంచి విసిరాడు. బంతి కనబడలేదు, చప్పుడే వినబడింది. నా చేతిలో చేప అలాగే ఉండిపోయింది. ఆ విసురు నాకు తెలుసు. అది మా చిన్నమావయ్యది.

మావయ్య అమ్మకి ఆఖరి తమ్ముడు. పని కొబ్బరి దింపులో. చెట్ల నుంచి దింపిన కాయల్ని బోదె కాలవ దాటించి అవతలి రాశిలోకి విసరాలి. పొద్దుట మొదలెడితే మధ్యాహ్నం దాకా అదే. అలా విసిరి విసిరి ఆ చెయ్యి చెయ్యిలా ఉండేది కాదు. ఓసారి మా కోళ్లగూటి దగ్గర పడగెత్తిన తాచుని బోదె అవతల నుంచే కాయతో కొట్టాడు. పడగ గోడకి అంటుకుపోయింది, తోక మాత్రం చాలాసేపు కొట్టుకుంది. మా లంక ఊళ్లో క్రికెట్టంటే కొబ్బరిమట్ట బ్యాటు, టెన్నిస్ బంతి. బౌలింగంటే విసరడమే. చెయ్యి తిన్నగా తిప్పాలని ఎవరికీ తోచలేదు. టీవీలో చూస్తూనే ఉన్నాం, అదేదో పట్నంవాళ్ల వయ్యారం అనుకున్నాం. మావయ్య బంతి తగిలి ఒకడి పక్క కమిలిపోతే వాడే నెల్లాళ్లు గొప్పగా చెప్పుకు తిరిగాడు.

రావులపాలెం అరటి వ్యాపారి ఒకాయన జట్టు నడిపేవాడు. మావయ్య ఆట చూడకుండానే, జనం చెప్పుకోగా విని కబురెట్టాడు. అమలాపురంలో తోలుబంతి మ్యాచి. అందులో మెరిస్తే జిల్లా జట్టు, ఆ తర్వాత ఆటగాళ్ల కోటాలో ఉద్యోగం. ఆ ఉద్యోగం వస్తేనే మావయ్యకి దింపు పని తప్పేది. అమ్మ రాత్రంతా ప్రార్థన చేసి, పులిహోర కట్టి, నన్నూ వెంటేసుకుని బయల్దేరింది.

మొదటి బంతికే నడిమి వికెట్టు రెండు ముక్కలైంది. మేము చప్పట్లు కొడుతుంటే అంపైరు చెయ్యి చాపాడు. నోబాలు. చెయ్యి వంగిందన్నాడు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. మావయ్య తన మోచెయ్యి వంక కొత్తదాన్ని చూసినట్టు చూసుకున్నాడు. బ్యాటు పట్టుకున్నాయన నవ్వి జనానికి వినబడేలా అన్నాడు, "దింపు కాయలనుకుంటున్నాడండీ ఈయన. గోనె పట్టమంటారా?"

గ్రౌండంతా నవ్వింది. తర్వాతి బంతి వికెట్ల మీదికి వెళ్లలేదు. రాయి మీద కాయ పగిలినట్టు వినబడింది. ఆయన నోట్లోంచి నెత్తురు, నెత్తుట్లో పళ్లు. మరుక్షణం అందరూ వికెట్లు పీకారు. ఎవరి తల ఎవరు పగలగొడుతున్నారో తెలియలేదు. మావయ్యని బోర్లా పడదోసి, వెన్ను మీద ఇద్దరు కూర్చుని, కుడిచెయ్యి చాపించి మోచేతి మీద బ్యాటు దించారు. ఒక్కసారితో ఆపలేదు. అమ్మ వెళ్లి అడ్డం పడితే జడ పట్టుకుని లాగేశారు. వ్యాపారి కారెక్కి వెళ్లిపోయాడు. పులిహోర గిన్నె కాళ్ల కింద నలిగింది.

రాడ్డు వేశారు గానీ ఆ చెయ్యి మళ్లీ తిన్నగా రాలేదు. వంగిందని తప్పుపట్టిన మోచెయ్యి వంగే ఉండిపోయింది. ఆ పళ్లు పోయినాయన రావులపాలెం బస్టాండులో ఇప్పటికీ కనిపిస్తుంటాడు. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు.

చేపల మీద మూతపెట్టి, ఫోను పట్టుకుని మావయ్య దగ్గరికి వెళ్లాను. రాశి దగ్గర కాయలు ఏరుతున్నాడు, ఎడమచేత్తో. వీడియో చూపించాను.

"చెయ్యి వంగుతుందే, అమ్మాయ్."

"ఆయ్. ఆ ఆటంతా విసరడమేనటండి మావయ్యా."

"ఎవరూ ఏమనట్లేదే?"

"అనరండి. అలాగే విసరాలట."

మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ చూశాడు.

"ఎప్పట్నుంచి ఉందే ఈ ఆట?"

"నూరేళ్ల పైమాటేనని మీ అల్లుడుగారు చెప్పేరండి."

"నూరేళ్లా," అన్నాడు. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని ఎడమచేత్తో నిమురుకున్నాడు.

ఏదో ఒకటి మాట్లాడాలని, "అమెరికాలో బంతి వేరేనటండి, జారుతుందట. ఇతను అక్కడ నెగ్గుతాడంటారా?" అని అడిగాను.

"బంతి కొత్తది కదా, మొదట్లో చితక్కొడతారు. కొట్టనీ. జనం నవ్వుతారు. నవ్వినప్పుడు మనిషి మీదికి విసరకుండా ఉంటే నెగ్గుతాడు." కాస్త ఆగి, "ఇంకోసారి పెట్టవే," అన్నాడు.

పెట్టాను. ఫోనులో కాలం వేలితో లాగితే వెనక్కి వస్తుంది. ఆ కుర్రాడు ఎన్నిసార్లైనా మొదటి బంతే విసురుతాడు.