ఆకుపచ్చలో ప్రొద్దుటూరు

ఆదివారం సాయంత్రం అయిదు దాటిందంటే చాలు, ప్రొద్దుటూరులో తహసీన్ అంగడి ముందు స్కూటర్లు ఆగుతాయి. దిగేది తల్లిదండ్రులు. ప్రాజెక్టు చేయాల్సిన పిల్లలు మాత్రం ఇళ్లలో సెల్‌ఫోన్లు చూసుకుంటూ హాయిగా ఉంటారు. సోమవారం పొద్దున బడికి ఏదో తీసుకుపోవాలన్న సంగతి ఆ మహానుభావులకు ఆదివారం బిర్యానీ తిన్నాకే గుర్తొస్తుంది.

"ఏందోనక్కా, ప్రపంచ శీతోష్ణ మండలాలంట. చేసిందేమన్నా ఉండాదా?" అని ఒకామె అడిగింది.

"మీ వాడు ఏ తరగతి?"

ఆమె కాసేపు పైకప్పు వైపు చూసింది. "ఏడో ఎనిమిదో... ఉండు, ఫోన్ జేసి కనుక్కుంటా."

కన్నకొడుకు ఏ తరగతో ఫోన్ చేసి కనుక్కునే తల్లికి ఏం చెప్పాలి? తహసీన్ చెప్పడం మానేసి చాలా ఏళ్లయింది. లోపలికి పోయి థర్మకోల్ పలక ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది. దాని మీద ప్రపంచ పటం. నడుమ ఎర్రటి పట్టీ ఉష్ణ మండలం, దానికి పైనా కిందా ఆకుపచ్చ పట్టీలు సమశీతోష్ణ మండలం, రెండు కొసలా దూది అంటించిన చోటు శీతల మండలం. భారతదేశం మీద ఒక గుండుసూది, దానికి 'మన ప్రొద్దుటూరు' అని చిన్న చీటీ. చాపాడు వాళ్లొస్తే ఆ చీటీ చాపాడు అవుతుంది, జమ్మలమడుగు వాళ్లొస్తే జమ్మలమడుగు అవుతుంది. ఒకామె మంచు బోసిగా ఉందని దాని మీద చమ్కీలు చల్లించుకుని పోయింది. ఇంకొకాయన మంచు ఎలుగుబంటి పక్కన ఒంటెను కూడా పెట్టమన్నాడు, చూడ్డానికి నిండుగా ఉంటుందట. తహసీన్ కిమ్మనకుండా పెట్టింది. ఆ పలకకు బడిలో రెండో బహుమతి కూడా వచ్చింది.

ఈ జనం మీద ఆమెకు ఏవగింపు ఊరికే పుట్టలేదు. బీఏ, ఆ తర్వాత బీఈడీ చదివింది. భర్త జిలానీ కువైట్‌లో ఏసీలు బాగుచేసే పనికి పోయాక, ఊళ్లోనే ఒక ప్రైవేటు బడిలో నాలుగేళ్లు సోషల్ చెప్పింది. గ్లోబు పట్టుకుని పాఠం చెప్తుంటే యజమాని కిటికీలోంచి తొంగిచూసి, "ఆ గోళం తిప్పేది ఎందుకమ్మా? బిట్లు బట్టీ పట్టించు" అనేవాడు. ఒకసారి బడికి అచ్చయి వచ్చిన ప్రశ్నల పుస్తకంలో ఒక జవాబు తప్పుందని ఆయనకు చూపించింది.

"అన్ని బళ్లకూ ఇదే పుస్తకం పోయింది. అందరూ రాసేదే రైటు. నువ్వొక్కదానివే తెలివైనదానివా?" అన్నాడాయన.

మరుసటి రోజు నుంచి తహసీన్ బడికి పోలేదు. ఆరు నెలల తర్వాత అదే బడి పిల్లల తల్లులు చార్టులు గీయించుకోవడానికి ఆమె గడపలో నిలబడ్డారు. ఆమెకు నవ్వొచ్చింది. అంగడి అట్లా మొదలైంది.

తప్పు కూడా దాంతోనే మొదలైంది. పటం తొందరగా గీయడానికి అట్ట కత్తిరించి ఒక అచ్చు చేసుకుంది. అందులో ఉష్ణ మండలానికి పై హద్దయిన కర్కటరేఖ కోసం పెట్టిన గాటు చేయి జారి కిందికి దిగింది. గుజరాత్, మధ్యప్రదేశ్ మీదుగా పోవాల్సిన గీత తమిళనాడు మీదుగా పోయింది. దాంతో కడప జిల్లా మొత్తం ఎర్ర పట్టీలోంచి లేచి ఆకుపచ్చ పట్టీలో కూర్చుంది. పది పలకలు అమ్మాక గానీ ఆమె చూసుకోలేదు. చూసుకున్నాక వారం రోజులు భయపడింది. ఎవరో ఒక టీచరు పలక పట్టుకొచ్చి మొహాన కొడుతుందని అనుకుంది. ఒక్కరూ రాలేదు. మే నెలలో తడిగుడ్డ నెత్తిన వేసుకుని తిరిగే ఊరు ఇంగ్లండుతో పాటు ఒకే రంగులో కనిపిస్తుంటే, దిద్దిన టీచరు దాని మీద 'వెరీ గుడ్' అని రాసి పంపింది.

అప్పుడు తహసీన్‌కు కసి పుట్టింది. అచ్చు మార్చలేదు. ఈ ఊళ్లలో కళ్లున్న మనిషి ఒక్కడైనా ఎప్పుడు పుడతాడో చూద్దామనుకుంది. చూస్తూ చూస్తూ ఆరేళ్లయింది.

చివరికి పట్టుకున్నది ఆమె కూతురే. రిహానా సర్కారు హైస్కూల్లో ఎనిమిదో తరగతి. ఒకరోజు అంగడిలో కూర్చుని అట్లాసునూ పలకనూ పక్కపక్కన పెట్టి చూసింది.

"అమ్మీ, మన ఊరు పద్నాలుగున్నర డిగ్రీల కాడ గదా ఉండేది. కర్కటరేఖ ఇరవై మూడున్నర. మనం దానికి కిందుండాల. పైకెట్ల పోయినాం?"

తహసీన్ పగలబడి నవ్వింది. ఆరేళ్లలో అంత సంతోషం ఆమెకు ఎప్పుడూ కలగలేదు. "నీకు కనపడిందా! ఎవురికీ చెప్పొద్దు. ఈ గొర్రెలకు ఎప్పుడు కనపడ్తాదో చూస్తాండా."

రిహానా నవ్వలేదు. "మరి ఆ పిల్లోల్లు?" అంది. తహసీన్ ఆ మాట చెవిన వేసుకోలేదు.

బడిపిల్లల నమూనాల జిల్లా ప్రదర్శన పులివెందులలో జరుగుతుందని తెలిశాక, తన నమూనా తానే చేసుకుంటానంది రిహానా. తల్లిని చేయి కూడా పెట్టనివ్వలేదు. గుండ్రటి కొత్త కుండ ఒకటి తెచ్చి, సున్నం పూసి, రేఖలు గీసి, రంగులు వేసింది. టార్చి లైటు ముందు చదరపు కంత చేసిన అట్ట కట్టింది. వెలుగు కుండ నడుమ పడితే చిన్న చదరంగా, చురుగ్గా ఉంటుంది. అదే వెలుగు కుండ పైఅంచున పడితే సాగిపోయి పలచబడుతుంది. నడుమ వేడెందుకో, కొసన చలెందుకో పాఠం అక్కర్లేకుండానే కంటికి తెలుస్తుంది. గెలిచినవాళ్లు విజయవాడలో రాష్ట్ర ప్రదర్శనకు పోతారు. నెల రోజులుగా ఆ పిల్లకు అదే ధ్యాస. వీడియో కాల్లో తండ్రికి రోజూ కుండను చూపించేది.

పులివెందులలో ప్రదర్శన హాల్లోకి అడుగుపెట్టగానే తహసీన్ గడప దగ్గరే ఆగిపోయింది. శీతోష్ణ మండలాల వరసలో అయిదు బల్లలు ఉన్నాయి. నాలుగింటి మీద ఆమె చేతి పలకలే. రెండు ప్రొద్దుటూరివి, ఒకటి జమ్మలమడుగుది, ఒకటి పెద్దముడియంది. అవే పట్టీలు, అదే దూది, అదే తప్పు. అయిదో బల్ల మీద రిహానా కుండ. కొన్న పలకను జిల్లా దాకా మోసుకొచ్చేంత సిగ్గులేనితనం ఈ బళ్లకు ఉంటుందని ఆమె ఊహించలేదు. ఆరేళ్లు వాళ్లను చూసి కూడా ఊహించకపోవడం ఆమె పొరపాటే.

న్యాయనిర్ణేతలు ముగ్గురు. వాళ్లలో పెద్దాయన ఇస్త్రీ చొక్కా జేబులో మూడు పెన్నులు పెట్టుకుని, నాలుగు పలకల ముందూ తల ఊపుకుంటూ వచ్చి కుండ ముందు ఆగాడు. రిహానా టార్చి వేసింది. ఆయన వెలుగు చూడలేదు. ఊరి పేరు రాసిన చుక్క చూశాడు.

"ఏం పాపా, ప్రొద్దుటూరును ఉష్ణ మండలంలో పెట్టినావు?"

"కర్కటరేఖకు కిందుంది గదా సార్."

"వాళ్లు నలుగురూ పైన పెట్టినారు. నాలుగు బళ్ల టీచర్లకు తెలీదా? నువ్వొక్కదానివే తెలివైనదానివా?"

గోడ పక్కన నిలబడిన తహసీన్ ఆ మాటను గుర్తుపట్టింది. బడి యజమాని అన్న మాటే అది, అక్షరం పొల్లుపోలేదు.

"అట్లాసులో..." అని మొదలుపెట్టి రిహానా ఆగిపోయింది. తల తిప్పి తల్లిని చూసింది. ఆ నాలుగూ మా అమ్మ చేసినవే సార్, తెలిసే తప్పు పెట్టింది అంటే చాలు, ఆ పిల్ల గెలుస్తుంది. రిహానా ఆ మాట అనలేదు. పెదవులు బిగబట్టి టార్చి ఆర్పేసింది. పెద్దాయన పెన్ను తీసి, రిహానా పేరు మీద అడ్డంగా గీత గీశాడు.

నాలుగు బళ్ల టీచర్లూ అక్కడే ఉన్నారు. నోరు తెరిస్తే అంగడి మూతపడుతుంది. ఆ సంగతి తహసీన్‌కు బాగా తెలుసు. కాని ఆ గీతను చూశాక ఆమె ఊరుకోలేకపోయింది.

"ఆ నాలుగూ నేను జేసినవి సార్" అంటూ ముందుకొచ్చింది. "ప్రొద్దుటూరులో నా అంగట్లో అమ్మినా. గీత తప్పు. ఆరేండ్లుగా తెలిసే తప్పు పెడ్తాండా, ఎవురన్నా కనిపెడ్తారేమోనని. నా బిడ్డ ఒక్కటే కనిపెట్టింది."

టీచర్లలో ఒకాయన తమ బడి పేరు రాసిన చీటీని మెల్లగా అరచేత్తో కప్పేశాడు. పెద్దాయన మొహం కందగడ్డ అయింది.

"తెలిసి తెలిసి పిల్లోల్లకు తప్పు నేర్పినావా?"

"నేనేం నేర్పల్యా సార్. మీరెవురూ చూడల్యా."

ఆ జవాబు తహసీన్‌కే భలే నచ్చింది. ఆరేళ్లుగా నోట్లో నానుతున్న జవాబు అది. ఆ సంబరం ఎంతోసేపు లేదు. జమ్మలమడుగు పలక వెనక రెండు జడల పిల్ల ఒకతె నిలబడి ఉంది. బట్టీపట్టి వచ్చిన పాఠం కాగితం ఇంకా చేతిలోనే ఉంది. 'మన జమ్మలమడుగు సమశీతోష్ణ మండలంలో ఉంది' అన్న వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీసుకుంది. ఆ పిల్ల రిహానా దగ్గరికి వచ్చి, ఏడుపు గొంతుతో అడిగింది.

"అయితే మనం యాడుండాం?"

రిహానా మళ్లీ టార్చి వేసి చూపించింది. తహసీన్ తల దించుకుంది. ఇన్నేళ్లూ తాను ఎవరిని వెక్కిరించిందో, ఆ వెక్కిరింత ఎవరి నెత్తిన పడిందో అప్పటికి గానీ ఆమెకు అర్థం కాలేదు. ఆ యజమాని మీదా, ఆ తల్లుల మీదా ఉన్న అసహ్యమంతా ఒక్కసారిగా తన మీదికే తిరిగింది.

పెద్దలు పది నిమిషాలు గుసగుసలాడుకుని, గొడవ వద్దని తీర్పు చెప్పారు. శీతోష్ణ మండలాలకు ఈసారి బహుమతి లేదు. తప్పు పట్టుకోలేని ముగ్గురు కలిసి, తప్పు పట్టుకున్న పిల్లకు వేసిన శిక్ష అది. విజయవాడ లేదు.

తిరుగు బస్సులో రిహానా కుండ ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. "తప్పు నాదే బేటా" అని తహసీన్ రెండుసార్లు అంది. ఆ పిల్ల తల తిప్పలేదు.

బస్సు ముద్దనూరు దాటాక ఫోన్ మోగింది. పొద్దున చీటీని అరచేత్తో కప్పుకున్న టీచరే. తిడతాడని తహసీన్ గుండె దిటవు చేసుకుంది. ఆయనకు అంత పౌరుషం ఎక్కడిది!

"అయిందేదో అయిపాయలేమ్మా. వచ్చే ఏడు మా బడికి ఆ కుండా టార్చీది చేసియ్యి. గీత సరింగ ఉండేట్టు చూడు. ఆదివారం నేనే వచ్చి మాట్లాడతా."

రిహానాకు అంతా వినిపించింది. అప్పుడు తల్లి వైపు తిరిగింది.

"పిల్లోల్లను పంపియ్యమను అమ్మీ" అంది. "అంగట్లో కూర్చోబెట్టి వాళ్లతోనే చేయిద్దాం. నువ్వు పాఠం చెప్పు."

తహసీన్ ఫోన్ చెవికి దగ్గరగా పెట్టుకుంది. "నువ్వు రావద్దప్పా. ఆదివారం పిల్లోల్లను పంపియ్యి" అంది ఫోన్లో.



"పిల్లోల్లెందుకమ్మా?" అన్నాడాయన, నిజంగానే అర్థం కాక.