ఆటపెట్టెలో అక్క పాట

పోయిన ఆదివారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, అనంతపురంలో మా కూతురింటి టీవీలో అక్క నోరు తెరిచింది. పాట రాలేదు. చేతులు చెనక్కాయలు ఒలుస్తున్నాయి, పెదవులు కదులుతున్నాయి, గొంతు మీద నరం ఉబ్బుతోంది. ఆ రోజు అక్క సంవత్సరీకం. భోజనాలకు ముందు అందరికీ ఆమె పాటలు వినిపించాలని పట్టుబట్టింది నేనే.

అక్కను ఇచ్చింది బెళుగుప్పలో. విత్తనపు కాయలు మిషన్‌కు వేస్తే పప్పు దెబ్బతింటుందని మావైపు చేత్తోనే ఒలుస్తారు. వానలకు ముందు అక్క వాళ్ల వసారాలో వీధి ఆడవాళ్లంతా చేరేవాళ్లు. ఒలిచిన పప్పును కొలిచి కూలి ఇస్తారు. పాడే మనిషికి చేయి నెమ్మదిస్తుంది కాబట్టి, పాటకొక పిడికెడు పప్పు తక్కినవాళ్లు ఆమె చేటలో వెయ్యాలి. ఎవరు పెట్టిన కట్టడో తెలియదు గానీ అక్క దాన్ని అణువంతైనా సడలనిచ్చేది కాదు. పాట అయిన మరుక్షణం చేట ముందుకు తోసేది. పక్కింటామె ఒకసారి సగం పిడికిలి వేస్తే, "ఏమ్మే, సగం పాటే ఇన్యావా?" అని అడిగింది. అక్క చివరి ఒలుపులో మా కూతురు ఫోన్‌లో వీడియో తీసింది. పదకొండు పాటలు. వాటిలో చాలావాటికి అక్క తప్ప పాడేవాళ్లు లేరు. ఈ ఏడు ఒలుపులోగా విని నేర్చుకుని ఆ వీధివాళ్లకు నేర్పుతానని మాటిచ్చాను.

మా అల్లుడు నలభై దాటిన మనిషి. ఆఫీసు నుంచి వచ్చాక చెవులకు హెడ్‌ఫోన్ డిప్పలు తగిలించుకుని, టీవీకి కలిపిన వీడియోగేముల ఆటపెట్టె ముందు కూర్చుంటాడు. ఆ పెట్టెలో సినిమాలు కూడా ఆడతాయని, అక్క వీడియో అందులో పెడతానని ఆయనే ముందుకు వచ్చాడు. ఫోన్‌లో తీసిన రకం ఆ పెట్టె తీసుకోలేదట. కంప్యూటర్‌లో వేరే రకానికి మార్చాడు. బొమ్మ వచ్చింది. సంబరపడ్డాడు.

"అత్తా, ఉండు, సౌండు పెంచుతాండా," అన్నాడు ఆదివారం.

"పెంచేదానికి ఉండాల కదప్పా," అన్నాను.

మా తమ్ముడు వెనక నుంచి, "బతికినన్నాళ్లు మేమెవ్వరం మూయించలేకపోతిమి. ఈ డబ్బా మూయించింది చూడు," అన్నాడు. నలుగురు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. అందుకే వాణ్ణి ఇంకా క్షమించలేదు.

"పాత వీడియో యాడుండాది?" అని మా కూతురు మొగుణ్ణి నిలదీసింది.

"తీసేసినా. కంప్యూటర్‌లో కొత్త ఆటకు జాగా చాల్లేదు."

"ఇని చూడకుండానే?"

"బొమ్మ వచ్చింది కదా. నేనెప్పుడూ చెవి డిప్పల్లోనే ఇంటాను, ఆ పొద్దు పెట్టుకోలే. టీవీ ఉలుకూ పలుకూ లేకుంటే ఎప్పటి మాదిరే అనుకుంటి."

వీడియో తీసిన మా కూతురి పాత ఫోన్ అంతకుముందే కొత్తదానికి మార్పిడిలో పోయింది. సోమవారం అల్లుడి కంప్యూటర్ పట్టుకుని గడియార స్తంభం దగ్గరి రిపేరు అంగడికి నేనే పోయాను. అంగట్లో అబ్బాయి చూసి, "బొమ్మదొక రకం, శబ్దందొక రకం అవ్వా. మార్చేటప్పుడు బొమ్మ ఒక్కటే వచ్చింది, శబ్దం పడిపోయింది. పాతదుంటే ఇప్పుడే చేసిస్తుంటి. దాని జాగాలో ఆట ఎక్కించినారు. ఇంక రాదు," అన్నాడు. అబద్ధమైనా ఒక ఆశ చెప్పి ఉంటే బాగుండుననిపించింది.

అల్లుణ్ణి ఒక్కటే అడిగాను, ఏ రోజు తీసేశావని. గుర్తులేదన్నాడు. అక్క ప్రాణం ఏ గడియలో పోయిందో నేను చెప్పగలను. గొంతు ఏ రోజు పోయిందో ఎవరూ చెప్పలేరు. అది పోయాక కూడా ఎన్నాళ్లో, ఉందనుకునే బతికాను. పాటలు పదకొండు. నాకు మొదటి నుంచి చివరిదాకా వచ్చేవి రెండు. పల్లవి మాత్రమే వచ్చేవి మూడు. తక్కిన ఆరు పోయాయి.