ఆరేదాకా

సున్నం తాత పోయాడని నాకు ఎవరూ చెప్పలేదు. ఆయన బ్రష్షు అడుగుదామని మొన్న పొద్దున ఇంటికి పోతే వాకిట్లో షామియానా వేస్తున్నారు. బ్రష్షు అడక్కుండానే వెనక్కి తిరిగాను.

ఆయన మా మున్సిపాలిటీలో గోడల మీద రాతలు చెరిపే మనిషి. ఎన్నికల రాతలు, హీరోల జేజేలు, బూతులు, అన్నీ. చెవి మీద బీడీ, బకెట్లో చిటికెడు నీలిమందు. ఏం రాశారు తాతా అని అడిగితే "చెరిపేటోడు చదవకూడదు పాపా" అనేవాడు. ఉత్తదే! అన్నీ చదివేవాడు, ఒక్కటీ బయటపెట్టేవాడు కాదు.

నేను ఇంటర్లో ఉండగా మా సందు మొదట్లో గోడ మీద బొగ్గుతో ఎవడో నా పేరు రాశాడు. పక్కన ఒక పాడుమాట. నాయన నేసిన చీరలివ్వడానికి హిందూపురం పోయాడు, పన్నెండింటి బస్సుకు దిగుతాడు. చూశాడంటే కాలేజీ బంద్, పెనుకొండ సంబంధం ఖాయం. తాత సున్నం కొడుతున్న మెయిన్ రోడ్డుకు పరుగెత్తాను.

"మీ సందుకు ఫండు ల్యాదు పాపా. రోడ్డు గోడలకే సాంక్షన్ ఉండాది" అన్నాడు. అంటూనే బకెట్ ఎత్తుకున్నాడు.

సున్నం కొట్టాక కూడా నా పేరు అట్లాగే కనిపిస్తోంది! నాకు ఏడుపు ఆగలేదు.

"తడి మీద కనపడతాది. ఆరితే తెల్లగైతాది. ఏడవాకు."

అప్పుడే నాయన సందులోకి తిరిగాడు. తాత గబుక్కున గోడకు ఆనుకుని, "ఏమప్పా, హిందూపురంలో చీరలు పోతాండాయా?" అని మాటల్లో పెట్టాడు. నాయన ఇంట్లోకి పోయేదాకా కదల్లేదు. ఖాకీ చొక్కా వీపంతా సున్నం. ఈరోజు నేను టీచరునయ్యానంటే ఆ వీపు పుణ్యమే. ఆ తర్వాత ఏటా బడ్జెట్ మీటింగు రోజు ఆఫీసు మెట్ల మీద కూర్చుని, "ఆడపిల్లలు నడిచే సందులకు ఫండు ల్యాదా సార్?" అని పోట్లాడేవాడు. రిటైరయ్యాక కూడా మానలేదు.

ఇప్పుడూ మేం ఆ సందులోనే ఉంటున్నాం. మొన్న మా పాప స్కూలు బస్సెక్కాక చూశాను. అదే గోడ మీద, బొగ్గుతో, నా కూతురి పేరు. కింద "నీ సంగతి చూస్తా". దానికి పదమూడేళ్లు. రాసినవాడు ఈ సందులోవాడే కావచ్చు, రోజూ నాకు నమస్తే చెప్పేవాడే కావచ్చు. ఫోటో తీసి పోలీసులకిచ్చాను. పాప చూసిందంటే మళ్లీ గడప దాటదని నా భయం. మున్సిపల్ ఆఫీసులో ఇప్పటికీ అదే మాట: "సందులకు ఫండు లేదు మేడం."

అందుకే తాత బ్రష్షు కోసం పోయాను. ఆ ఇంటి నుంచి అటే బజారుకు పోయి సున్నం, బ్రష్షు తెచ్చుకున్నాను. నానబెట్టి నేనే కొట్టాను. నాలుగైంది. అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి. ఇంతలో బస్సు హారన్ వినబడింది.

గోడకు ఆనుకుని నిలబడ్డాను. వీపుకు సున్నం చల్లగా తగిలింది.

"ఏమ్మా, ఈడ నిలబడుకోనుండావు?" అంది పాప.

"ఏం లేదులే. నువ్వు ఇంట్లోకి పో, వస్తా."

అది తలుపు వేసుకునేదాకా కదల్లేదు.